యా తరవాత కాఫ్

జనవరి 9

జిలాలీ రొట్టె తుంచి ఉప్పులో అద్ది, సగం నాకిచ్చి సగం తాను తిన్నాడు. "ఇద్దరిలో ఎవడు దొరికినా రెండోవాడి పేరు పళ్ళు దాటి బయటికి రాకూడదు" అన్నాడు. అది 1973 వసంతం. మా రహస్య పత్రిక ఆఖరి సంచిక అచ్చుయంత్రం మీద ఇంకా తడిగా ఉంది. కొద్ది రోజులకే పోలీసులు వాణ్ణి పట్టుకున్నారు. మరి కొద్ది రోజులకు వాణ్ణి వదిలేసి నన్ను పట్టుకున్నారు. నాకు ఆరేళ్ళ జైలు పడింది. వాడికి ఆ ఆరేళ్ళలో డాక్టరేటు వచ్చింది, అత్తగారి తోట వచ్చింది, రొమ్ము ముందుకు తోసి నడిచే నడక వచ్చింది.

ఈ రోజు పేపర్లో వాడి ఫొటో వేశారు. మా తెత్వాన్ ఊరి పురపాలక గ్రంథాలయంలో పఠనశాలకు వాడి పేరు పెడతారట. ఏప్రిల్లో వేడుక. సముద్రం దాటి మలాగా వెళ్ళి కట్టించుకున్న పళ్ళు ముప్ఫై రెండూ కనిపించేలా నవ్వుతున్నాడు.

ఏప్రిల్‌కు నా పుస్తకం రావాలి. ఆ గోడ మీద వాడి పేరు ఎక్కే రోజున ఊరు మొత్తం నా పుస్తకం చేత్తో పట్టుకుని ఉండాలి. తరవాత నేను చచ్చినా ఫరవాలేదు.

జనవరి 12

మా అమ్మాయి హస్నా కంప్యూటరు యంత్రం తెచ్చింది. తాను పనిచేసే సైన్సు కళాశాలలో పక్కన పడేసిన పాతది. అక్కడ ప్రయోగశాల కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం ఆమెది. నలభై రెండేళ్ళ మనిషి, మొగుడితో కాపురం చెయ్యలేకపోయింది, యంత్రాలతో చేస్తోంది. ఆ మాటే అన్నాను.

"యంత్రాలు అరవవు నాన్నా" అంది.

నేను చెబుతుంటే ఆమె టైపు చెయ్యాలని ఒప్పందం. ఒక్కో అధ్యాయం ఒక్కో ఫైలు. రంగులు, బొమ్మలు, అలంకారాలు ఏమీ లేని వట్టి అక్షరాలు. అన్నీ అయ్యాక కలిపి ఒకటే చేసి ప్రెస్సుకు ఇవ్వాలట. ప్రెస్సు యజమాని బూష్తా అలాగే అడిగాడట.

"వీటికి పేర్లు ఏం పెట్టమంటావు? సున్నా ఒకటి, సున్నా రెండు అని పెడితే సుఖం" అంది.

"నేను కిరాణా కొట్టు పెట్టలేదు. మా గురువుగారు అధ్యాయాలకు అంకెల బదులు అరబ్బీ అక్షరాలు పెట్టేవారు. నేనూ అదే పెడతాను. అలిఫ్ ఒకటి, బా రెండు, జీమ్ మూడు, దాల్ నాలుగు."

"అది పాత లెక్కల వరస నాన్నా. బడిలో నేర్పేది వేరు. అలిఫ్, బా, తా..."

"బడిలో నేర్పేది పసిపిల్లల వరస. ఒకేలా కనిపించే అక్షరాలను పక్కపక్కన కూర్చోబెట్టారు, మరిచిపోకుండా ఉండటానికి. పెద్దవాళ్ళు లెక్కపెట్టేది పాత వరసలో."

ఆమె నవ్వింది. "సరే. నీ పేర్లే పెడతాను. ఆఖర్న కలిపేటప్పుడు మాత్రం నన్ను పిలువు. యంత్రానికి దాని వరస దానికుంటుంది."

ముసలివాళ్ళను వెక్కిరించడం ఈ తరానికి మహా సరదా.

జనవరి 20

పదమూడు అధ్యాయాలు. మొదటి నాలుగూ జరిగిన కథ. నేను దాక్కున్న గది, అయ్యాద్ రొట్టెల బట్టీ మీద ఉండేది. నేనక్కడ ఉన్నానని తెలిసినవాళ్ళు ముగ్గురు. బట్టీ నడిపే అయ్యాద్. ఆ గది కుదిర్చిన జిలాలీ. మూడో మనిషి ఇప్పుడు లేని నా భార్య జుబేదా. పోలీసులు నేరుగా ఆ మెట్లే ఎక్కి వచ్చారు. వీధిలో మరో తలుపు తట్టలేదు. అంటే ముగ్గురిలో ఒకరు చెప్పారు.

ఆ తరవాతంతా వాదం. మా గురువుగారి పద్ధతిలో నడుపుతాను. ఎదుటి పక్షం వాదాన్ని వాళ్ళకంటే గట్టిగా మనమే చెప్పాలి. "ఎవరైనా ఇలా అనవచ్చు" అని గోడచాటు నుంచి చెప్పకూడదు, వాడి నోరు మన నోరు చేసుకుని చెప్పాలి. చదివేవాడు నమ్మేదాకా చెప్పి, తరవాతి అధ్యాయంలో దాన్ని వేళ్ళతో సహా పెకలించాలి. అయ్యాద్ మీద ఆరోపణ ఒక అధ్యాయం, దానికి జవాబు పక్క అధ్యాయం. అయ్యాద్, జుబేదా ఇద్దరూ నిర్దోషులని తేలాక జిలాలీ ఒక్కడే మిగులుతాడు, పదమూడోది అయిన మీమ్‌లో.

ఈ ఊళ్ళో ఇప్పుడు ఈ పద్ధతి తెలిసినవాళ్ళు ఇద్దరమే. నేనూ, వాడూ. ఒకే చాప మీద కూర్చుని నేర్చుకున్నాం.

ఫిబ్రవరి 2

చేతులు వణుకుతున్నాయి. హస్నా టైపు చేసింది. నిండా తప్పులు. తిట్టాను.

ఫిబ్రవరి 6

పక్కింటి లల్లా రహ్మా ఎండు చిక్కుడు చారు తెచ్చింది, పైన నూనె ఇంత మందాన తేలుతూ. గిన్నె కింద పెట్టి కూర్చుంది. ఊరివాళ్ళందరిలాగే మర్యాదకు నా పేరు ముందు సీ తగిలిస్తుంది.

"ఏం రాస్తున్నారు సీ తుహామీ, పొద్దస్తమానం?"

"నిజం."

"అయ్యో. ఈ వయసులోనా! మోకాళ్ళు చూసుకోండి ముందు."

చారు బాగుంది. ఆమెకు చెప్పలేదు.

ఫిబ్రవరి 14

యా చెప్పాను. పదో అధ్యాయం. పొద్దున కాఫీ తరవాత మొదలుపెడితే ఎండ దెర్సా కొండ వెనక్కి వెళ్ళేదాకా ఆగలేదు. ఇరవై పేజీలకు పైనే వచ్చింది. ఏ పుస్తకమూ తెరవలేదు, ఏ కాగితమూ చూడలేదు, ఒక్క మాటకూ తడుముకోలేదు. ఇంత ధారగా నేనెన్నడూ రాయలేదు.

సగంలో హస్నా చేతులు ఆగిపోయాయి.

"నాన్నా, ఇది అమ్మ గురించి."

"అవును. కొట్టు."

"అమ్మ పోలీసులకు చెప్పిందని రాస్తున్నావు."

"ఎదుటి పక్షం అలా అంటుంది. నేను వాళ్ళ తరఫున అంటున్నాను. పక్క అధ్యాయం కాఫ్‌లో జవాబు చెబుతాను. కొట్టు."

"ఎదుటి పక్షం ఎవరు? ఈ నలభై ఏళ్ళలో అమ్మను ఎవరన్నారు ఈ మాట? ఒక్కరి పేరు చెప్పు."

"ఎవరూ అనకపోయినా అనగలిగింది ముందే మనం అనాలి. దాన్ని పద్ధతి అంటారు. నీకు తెలియదు, మీ అమ్మకూ తెలిసేది కాదు."

ఆమె మిగతాది టైపు చేసింది. ముక్కు చీదుకుంటూ చేసింది. అయిపోయాక చున్నీ సర్దుకుని లేచి నిలబడింది.

"నువ్వు జైల్లో ఉన్న ఆరేళ్ళూ అమ్మ జనాల ఇళ్ళలో ఉన్ని వడికింది. వేళ్ళు చీలిపోతే ఆలివ్ నూనె రాసుకుని మళ్ళీ వడికేది. నాకు గుర్తుంది. ఇది తీసెయ్యి."

"తీసేస్తే జిలాలీ మీద నేరం నిలవదు. ముగ్గురిలో ఒకరిని వదిలేశావేం అంటారు."

"అయితే కాఫ్ నువ్వే కొట్టుకో. నేను రాను."

"నీ మొగుడు కూడా ఇదే మాట విన్నాడనుకుంటాను" అన్నాను.

తలుపు మెల్లగా వేసి వెళ్ళింది. గట్టిగా వేసుకుని వెళ్ళడం కూడా చేతకాదు.

ఫిబ్రవరి 15

నేను జుబేదాను ఎన్నడూ అనుమానించలేదు.

ఫిబ్రవరి 27

కాఫ్ నేనే టైపు చేశాను. ఒక్కో వేలితో. మూడు పేజీలు వచ్చింది. నిర్దోషిత్వానికి ఎక్కువ మాటలు అవసరం లేదు. ఆమె శీలవతి, ఆమె ఓర్పు గలది, ఆమె నా బిడ్డకు తల్లి. ఇంకేం కావాలి?

మార్చి 2

కాఫ్ మళ్ళీ చూశాను. ఇంకో పేజీ కలుపుదామనుకున్నాను. ఏమీ తోచలేదు. వేళ్ళ నొప్పి.

మార్చి 15

మీమ్ పూర్తయింది. జిలాలీని గోడకు మేకులతో కొట్టాను. వాడు ఎప్పుడు విడుదలయ్యాడు, ఎవరి కారులో ఇంటికి వెళ్ళాడు, ఆ వేసవికే కొలువు ఎలా దొరికింది, జైలుకు నాకు ఒక్క ఉత్తరమైనా ఎందుకు రాయలేదు, అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చాను. ఆఖరి వాక్యం చదువుకుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. కోట తలుపు మూసి గడియ పెట్టినట్టుంది.

హస్నా రావడం లేదు. శుక్రవారం కుస్కుస్ గిన్నె మాత్రం లల్లా రహ్మా చేత పంపిస్తోంది. తిరిగి పంపించేద్దామనుకున్నాను. తిన్నాను.

మార్చి 21

కలిపాను. ఆమె లేకుండానే కలిపాను.

మొదటి వారంలోనే హస్నా తెర అంచుకు ఒక పసుపు చీటీ అంటించింది. దాని మీద ఒకే ఒక్క ఆదేశం. నల్లతెర తెరిచి, క్యాట్ అని కొట్టి, చోటు వదిలి, నక్షత్రం గుర్తు, చుక్క, టి ఎక్స్ టి, ఒక బాణం గుర్తు, ఆపైన కొత్త ఫైలు పేరు. నక్షత్రమంటే ఇక్కడున్నవన్నీ అని. బాణమంటే అన్నీ ఇందులో పోసెయ్యి అని. దీనికోసం కళాశాలలో జీతాలిస్తారు! కింద ఎర్ర సిరాతో రాసింది: "నేను వచ్చాకే."

ఎవరూ రాలేదు. నేనే కొట్టాను.

యంత్రం ఏమీ అనలేదు. కిందికి దిగి మళ్ళీ ఆదేశం కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. పని సవ్యంగా జరిగితే ఇది మాట్లాడదనీ తప్పు జరిగితేనే కసురుతుందనీ హస్నా చెప్పింది. కసరలేదు. అంటే తప్పు లేదు.

ఫైలు తెరిచి చూశాను. అలిఫ్. దాని వెనక బా. దాని వెనక జీమ్. మూడూ నేను పెట్టిన వరసలోనే ఉన్నాయి. మూసేశాను. మిగతాది చూసేదేముంది, రాసింది నేనే. పైగా యా మళ్ళీ కంటపడటం నాకిష్టం లేదు. కళ్ళు మంటలు.

మార్చి 24

ప్రెస్సు బూష్తా మంచివాడు కాదు, కానీ చవక.

"ప్రూఫు ఒకసారి చూసుకోండి సీ తుహామీ. రెండు రోజులు ఆగుతాను. ఊళ్ళో ఎవరి పుస్తకమైనా మూడుసార్లు చూసుకుంటారు."

"వాళ్ళు నిన్న రాసింది ఇవాళ మరిచిపోయేవాళ్ళు. నేను నలభై ఏళ్ళుగా ఇదే చదువుతున్నాను. వెయ్యి."

"మీ ఇష్టం. తరవాత నా మెడ మీద కూర్చోకూడదు మరి."

"నీ మెడ అంత గట్టిదేం కాదులే."

నవ్వాడు. వేస్తానన్నాడు.

ఏప్రిల్ 12

ఈ రోజు నా జీవితంలో ఒకే ఒక్క మంచి రోజు. పూర్తిగా రాసుకోవాలి.

గ్రంథాలయం మెట్ల మీద పొద్దున్నే అట్టపెట్టె పెట్టుకుని నిలబడ్డాను. లోపలికి వెళ్ళే ప్రతివాడి చేతిలోనూ ఒక పుస్తకం పెట్టాను. ఊరికే ఇస్తే మా ఊళ్ళో ఎవడు కాదంటాడు? మా వాళ్ళు పుస్తకం తీసుకోగానే ముందు ఆఖరి పేజీ తిప్పుతారు. అందరూ తిప్పారు. కుర్చీల్లో కూర్చుని ఉపన్యాసాలు వినడం మానేసి అదే చదువుతూ కూర్చున్నారు. చదివినవాళ్ళు మెడ తిప్పి వేదిక వైపు కాదు, నా వైపు చూశారు. గౌరవం.

ముందు వరసలో జిలాలీ. ఎవరో వాడి చేతికీ ఒకటిచ్చారు. వాడి మీద పొగడ్తలు కురుస్తుంటే వాడు నా ఆఖరి పేజీ చదివాడు. కళ్ళద్దాలు తీసేశాడు. తల దించుకున్నాడు. ఆ తల దించడం చూడటానికే నేను ఇన్నాళ్ళు ఊపిరి పీల్చాను.

బయటికి వస్తూ చరిత్ర చెప్పిన ముసలి మాస్టారు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు.

"ఎలా ఓర్చుకున్నారు సీ తుహామీ? ఇన్నేళ్ళూ, ఒకే కప్పు కింద!"

ఒకే ఊళ్ళో అనబోయి ఒకే కప్పు కింద అన్నాడు. పాపం, వయసు.

ఇద్దరు ఆడవాళ్ళు నన్ను చూసి గుసగుసలాడారు. ఒకామె నా భుజాన్ని ముద్దు పెట్టుకుని "దేవుడు మీకు ఓర్పునిస్తాడు" అంది. ఇచ్చాడు తల్లీ, ఇచ్చాడు. ఇక అక్కర్లేదు కూడా.

ఇంటికి వచ్చి గుడ్లు వేయించుకుని తిన్నాను. ఎన్ని తిన్నానో గుర్తులేదు.

ఏప్రిల్ 13

హస్నా వచ్చింది. కోటు విప్పలేదు. పుస్తకం బల్ల మీద పడేసింది.

"చదువు."

"ఏం చదవాలి?"

"ఆఖరి పేజీ. నీ పుస్తకం ఎలా ముగిసిందో చదువు."

చదవలేదు. ఆమే తీసి చదివింది. 

"'ముందురోజు మధ్యాహ్నం ఆమె రొట్టె, ఉడికించిన గుడ్లు తెచ్చింది. నా మొహం చూడలేదు. మర్నాడు తలుపు విరగ్గొట్టి వచ్చిన పోలీసు నన్ను నా పేరుతో పిలవలేదు. దిగిరా మిడతా, అన్నాడు. ప్రపంచంలో నన్ను ఆ పేరుతో పిలిచేది ఒక్కతే. నా భార్య. నన్ను అప్పగించింది ఆమే. ఇందులో నాకు సందేహం లేదు.' దీని కింద ఇంకేం లేదు నాన్నా. తెల్ల కాగితం. తరవాత బూష్తా ప్రెస్సు చిరునామా."

"అది యా. యా తరవాత కాఫ్ ఉంటుంది!"

"నీ మనసులో ఉంటుంది. ఇందులో లేదు."

పుస్తకం లాక్కున్నాను. పేజీలు తిప్పాను. అలిఫ్, బా, జీమ్. జీమ్ తరవాత దాల్ ఉండాల్సిన చోట ఎనిమిదో అధ్యాయం ఉంది. కాఫ్ ఎక్కడో మధ్యలో, ఇంకా ఎవరూ చెయ్యని ఆరోపణకు ముందే జవాబు చెబుతూ పిచ్చిదానిలా నిలబడి ఉంది. దాని వెనక లామ్. దాని వెనక మీమ్, నా మీమ్, నేను జిలాలీని మేకులు కొట్టిన మీమ్. అదీ ఆఖరు కాదు. దాని వెనక అయ్యాద్ మీద ఆరోపణ వచ్చింది, అయ్యాద్ కాదన్న జవాబు వచ్చింది. అంటే ముందు జిలాలీ అనుకున్నాను, కాదని అయ్యాద్ అనుకున్నాను, వాడూ కాదని ఆఖర్న నిజం కనుక్కున్నాను అన్నట్టు తయారైంది. ఆ కనుక్కున్న నిజం యా.

"పసిపిల్లల వరస!" అన్నాను.

"యంత్రానికి తెలిసింది అదొక్కటే. అందుకే నేను వచ్చాక అన్నాను. ఆదేశంలో నక్షత్రం పెడితే అది బడి వరసలో పేర్చుకుంటుంది. నీ వరస కావాలంటే పదమూడు పేర్లూ ఒకదాని వెనక ఒకటి మనమే రాయాలి. రెండు నిమిషాల పని."

"ఆ చీటీ నువ్వే రాశావు! నీ చేత్తో రాశావు!"

"చీటీ కింద ఏముందో కూడా నా చేత్తోనే రాశాను."

"కావాలనే చేశావు."

 "అమ్మ మీద ఇంత రాసింది నువ్వు. నేను చేసింది టైపు" అంది. ఆ తరవాత కుర్చీలో కూలబడింది. "ఊరంతా చదువుతోంది. లల్లా రహ్మా వాళ్ళింట్లో ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని బిగ్గరగా చదువుకుంటున్నారు. నేను మెట్లెక్కుతుంటే ఆపేశారు. అమ్మ సమాధి మీద ఎవడో ఉమ్మేదాకా ఆగుతావా? చెప్పు. ఏం చేస్తావు?"

చేస్తానన్నాను. సరిచేస్తానన్నాను.

ఏప్రిల్ 14

జిలాలీ వచ్చాడు. నా గుమ్మం తొక్కి నలభై ఏళ్ళు దాటింది. చేతిలో బాదం మిఠాయి పెట్టె. చావింటికి తెచ్చినట్టు తెచ్చాడు.

"ఏరా తుహామీ. కూర్చోమనవా?"

"నీ పేరుతో గది ఉందిగా. అక్కడ కూర్చో."

కూర్చున్నాడు. మోకాళ్ళు పటపటమన్నాయి. పుస్తకం జేబులోంచి తీశాడు.

"నీ వరస తప్పింది. యంత్రం బడి వరసలో పేర్చింది. నేను అక్కడే, ముందు వరసలోనే పసిగట్టాను. ఒక్క చాప మీద కూర్చున్నాం కదా. ఇంటికి వెళ్ళి సరైన వరసలో చదివాను. యా తరవాత కాఫ్ పెట్టి, ఆఖర్న మీమ్ పెట్టి, గురువుగారు చదివినట్టు చదివాను."

"అయితే ఇప్పుడు తెలిసిందిగా, ఆ పుస్తకం ఎవరిని ఉరి తీసిందో."

"తెలిసింది." వాడు పేజీ మడిచిన చోట వేలు పెట్టాడు. "మీమ్ పేలవం రా. ఎవరి కారులో వెళ్ళాను, ఉత్తరం ఎందుకు రాయలేదు... ఇవి నేరాలా? పిరికితనం అంటే ఒప్పుకుంటాను. పిరికివాణ్ణే. కాఫ్ మరీ దారుణం. ఆమె ఓర్పు గలది, ఆమె శీలవతి. ఇది జవాబా? వకీలు రోజు కూలీకి చదివినట్టుంది. నువ్వు రాసినట్టు లేదు. నువ్వు రాసింది యా ఒక్కటే. అది చదువుతుంటే నా చేతులు చల్లబడ్డాయి."

"అది పద్ధతి. ఎదుటి పక్షం..."

"నాకు చెప్పకు పద్ధతి. నీ గురువే నా గురువు. ఎదుటి పక్షం చెప్పేటప్పుడు మనకు చెమట పట్టకూడదు అనేవాడు ఆయన. ఆ యా నిండా చెమటే."

టీ అడిగాడు. ఇవ్వలేదు.

"ఒక మాట అడుగుతాను. నేను నీ పేరు చెప్పానా లేదా అని ఇన్నేళ్ళలో నన్ను ఒక్కసారైనా అడిగావా? ఘర్సా బజారులో ఎదురుపడేవాళ్ళం. ఒకే మంగలి దగ్గర కూర్చునేవాళ్ళం. మొహం తిప్పుకున్నావే గాని అడగలేదు."

"అడగాల్సిన పనేముంది? నువ్వే చెప్పావు."

"చూశావా, ఇప్పుడూ అడగలేదు. ఎందుకో చెప్పనా? నేను కాదన్నాననుకో, అయ్యాద్ కాదని నువ్వే రాశావనుకో, ఇక మిగిలేది ఎవరో నీకు తెలుసు. వినే ధైర్యం నీకు లేదు. అందుకని నన్ను శత్రువుగా పెంచుకున్నావు. కుక్కను పెంచుకున్నట్టు."

"లే. బయటికి నడు."

లేచాడు. గుమ్మం దగ్గర ఆగి కొత్త పళ్ళతో నవ్వాడు. అందులో జాలి ఉంది. ఆ జాలిని నేను క్షమించను.

"మంచి పుస్తకం రా" అన్నాడు. "ఇరవై పేజీలు చాలా మంచి పుస్తకం."

మిఠాయి పెట్టె వీధిలోకి విసిరేశాను. పిల్లులు కూడా ముట్టలేదు.

ఏప్రిల్ 15

నేను జుబేదాను ఎన్నడూ అనుమానించలేదు.

ఏప్రిల్ 17

బూష్తా దగ్గరకు వెళ్ళాను. ముందే చేతులు పైకెత్తాడు.

"మెడ మీద కూర్చోవద్దని చెప్పాను సీ తుహామీ."

"కూర్చోను. మళ్ళీ వెయ్యగలవా?"

"డబ్బు మీది, కాగితం నాది, వేస్తాను. కానీ పాతవి జనం ఇళ్ళకు పోయాయి. ఎవరు తిరిగిస్తారు? ఈ ఊళ్ళో ఇంత పసందైన పుస్తకం ఎవరూ వెయ్యలేదు. మా ఆవిడ రెండోసారి చదువుతోంది." మొహం సర్దుకుని మళ్ళీ అన్నాడు. "ఒక పని చేద్దాం. చిన్న కాగితం వేసిస్తాను. అధ్యాయాలు ఈ వరసలో చదవాలి అని. దాని కింద మీరు ఒక్క వాక్యం రాసివ్వండి, నా భార్య నిర్దోషి అని. శుక్రవారం మసీదు గుమ్మాల దగ్గర పంచుదాం. చదివిన నోళ్ళే అది కూడా చదువుతాయి."

బుద్ధిమంతుడు. పాతిక మాటల్లో పని తేల్చాడు. మా హస్నా ఒప్పుకుంది. "ఒక్క వాక్యం చాలు నాన్నా. నీ సంతకంతో."

రేపు రాసిస్తానన్నాను.

ఏప్రిల్ 18

కళ్ళు మంటలు. రాయలేదు.

ఏప్రిల్ 20

వరస రాసిచ్చాను. అలిఫ్, బా, జీమ్, దాల్, మీమ్ దాకా తప్పు లేకుండా. వాక్యం రేపు ఇస్తానన్నాను.

ఏప్రిల్ 21

లల్లా రహ్మా ఇంటి ముందు నుంచి వెళుతుంటే తలుపు సందులోంచి అంది: "ఆవిడ నాకు ఉన్ని వడకటం నేర్పింది సీ తుహామీ. నేనేం నమ్మలేదు." మరి నా మొహం చూడదేం?

ఏప్రిల్ 23

బూష్తా ఫోన్ చేశాడు. యంత్రం మీద కాగితం ఎక్కించి ఉంచాడట, వాక్యం ఒక్కటే తరువాయట. రేపే శుక్రవారం.

హస్నా పొద్దున్నే వచ్చి నా ఎదురుగా కూర్చుంది. కోటు విప్పింది ఈసారి. టీ పెట్టింది, పుదీనా ఎక్కువ వేసి, వాళ్ళమ్మలాగే. కలం మూత తీసి నా చేతికిచ్చింది.

"రాయి నాన్నా. 'జుబేదా చెప్పలేదు.' రెండు మాటలు. ఇరవై పేజీలు ఒక్క పూటలో చెప్పినవాడివి."

రాశాను. రాసి ఆమె వైపు తిప్పాను.

ఆమె చదివింది. "'నన్ను పట్టించింది జిలాలీ'. ఇది నేనడిగింది కాదు."

"అదే అర్థం. వాడు చెప్పాడంటే ఆమె చెప్పలేదనేగా."

"అదే అర్థమైతే నేను చెప్పినట్టే రాయి."

కలం కాగితం మీద పెట్టాను. జుబేదా పేరు రాశాను. ఆ తరవాత రావలసిన మాట నాకు తెలుసు, దాని అక్షరాలు తెలుసు. చెయ్యి కదల్లేదు. వణుకు కూడా లేదు. రాయిలా ఆగిపోయింది.

హస్నా ఎదురుచూసింది. టీ చల్లారిపోయింది. చల్లారిన టీ తీసుకెళ్ళి పారబోసి, గ్లాసు కడిగి, బోర్లించి, కోటు తొడుక్కుంది.

"ఆమె నీ పక్కన ముప్ఫై ఏళ్ళు పడుకుంది" అంది. "అన్ని రాత్రులూ నువ్వు ఇదే అనుకుంటూ పడుకున్నావా?"

"నేను ఎన్నడూ..." అన్నాను.

"వద్దు."

నా ఇంటి తాళంచెవి బల్ల మీద పెట్టేసి వెళ్ళింది. ఇక కుస్కుస్ కూడా రాదు.

ఏప్రిల్ 24

మసీదులో ప్రార్థన అయిపోయినట్టుంది, వీధిలో చెప్పుల చప్పుడు. ఎవరి చేతుల్లోనూ బూష్తా కాగితం ఉండదు.

ఇది నా కోసం రాసుకుంటున్నాను. యాలో కూడా రాయనిది.

జైలు నుంచి వచ్చిన రోజు తలుపు ఆమే తీసింది. వేళ్ళు చీలికలు పడి ఉన్నాయి. వెనక ఒక పిల్ల నిలబడి నన్ను చూసి దాక్కుంది. జుబేదా నా సంచి అందుకుని "లోపలికి రండి" అంది. పెళ్ళయిన రాత్రి నుంచి నన్ను పట్టుకెళ్ళిన రోజుదాకా ఆమె నన్ను మిడతా అనే పిలిచింది. కోపంలోనూ ముద్దులోనూ అదే, మా అమ్మ ఎదుట నోరు జారి కూడా అదే. ఆ గుమ్మంలో నిలబడి ఆ పేరు కోసం ఎదురుచూశాను. అనలేదు. ఆ రాత్రి అనలేదు. ముప్ఫై ఏళ్ళు ఎదురుచూశాను. నా బట్టలు ఉతికింది, నా మందులు లెక్కపెట్టింది, నా చేత ఎన్ని మాటలు పడాలో అన్నీ పడింది. ఆ పేరు మాత్రం మళ్ళీ ఆమె నోట రాలేదు. ఆసుపత్రిలో ఆఖరి రోజున కూడా నా చెయ్యి పట్టుకుని, పరాయివాణ్ణి పిలిచినట్టు, సీ తుహామీ అంది.

ఆ పేరుతో ఆమె పిలవడం ఎవరో వినుంటారని కాఫ్‌లో రాశాను. గోడలు పల్చన అని రాశాను. అయితే అలా పిలవడం మానెయ్యడం ఎందుకు? ఏ తప్పూ చెయ్యని మనిషి ఒక పేరును చూసి ఎందుకు భయపడుతుంది?

జిలాలీ పిరికివాడు. అయ్యాద్ రొట్టెలు కాల్చుకునేవాడు.

నన్ను పట్టించింది జుబేదా.